బస్సెక్కి సొంత మైదానానికి: ఫిలడెల్ఫియా స్టార్స్ మూడు వసంతాలు

1985 వసంతంలో బాల్టిమోర్ స్టార్స్ (అంతకుముందు దాకా ఫిలడెల్ఫియా స్టార్స్) ఆటగాళ్లు సొంత మైదానంలో మ్యాచ్ ఆడాలంటే ముందు బస్సెక్కాల్సి వచ్చేది. కాపురాలు ఫిలడెల్ఫియాలో, ప్రాక్టీసు ఫిలడెల్ఫియాలో, ఆఫీసూ ఫిలడెల్ఫియాలోనే. మ్యాచ్ మాత్రం దాదాపు రెండు వందల కిలోమీటర్ల అవతల, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం ఉన్న కాలేజ్ పార్క్‌లోని బర్డ్ స్టేడియంలో. ఆ దారిలో బాల్టిమోర్ తగులుతుంది. జట్టు పేరులో ఉన్న ఊరు అదే. దాన్ని దాటుకుని ఇంకో యాభై కిలోమీటర్ల దాకా పోతే గాని 'సొంత' మైదానం రాదు. ఆ మైదానమూ నిజానికి వాషింగ్టన్ శివార్లలో ఉన్నట్టే లెక్క.

ఇలా ఊళ్లు పట్టుకు తిరిగింది అట్టడుగు జట్టేమో అనుకుంటే పొరపాటు. అంతకుముందు ఏడాది కప్పు గెలిచింది వీళ్లే. ఈ బస్సు ప్రయాణాల ఏడాదీ కప్పు వీళ్లదే. మూడేళ్లు మాత్రమే నడిచిన అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ యునైటెడ్ స్టేట్స్ ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే యూఎస్‌ఎఫ్‌ఎల్‌లో, మూడుసార్లూ ఫైనల్ చేరిన జట్టు ఇదొక్కటే. ఆ లీగ్ కథ ఎవరు చెప్పినా డోనల్డ్ ట్రంప్ పేరుతో మొదలుపెట్టి మూడు డాలర్ల తీర్పుతో ముగిస్తారు. అది అబద్ధం కాదు గానీ సగం కథే. స్టార్స్ వైపు నుంచి చూస్తే మిగతా సగం కనిపిస్తుంది. ఆటగాళ్లను ఎంచుకోవడంలో, కోచ్‌ను పెట్టుకోవడంలో, డబ్బు ఖర్చులో చాలావరకు సరిగ్గా నడుచుకున్న జట్టు కూడా ఇల్లు నిలబెట్టుకోలేకపోయింది. తోటి జట్లు మునిగిపోతుంటే ఒక్క జట్టు ఈదుకుంటూ గట్టు చేరడం లీగ్ అనే ఏర్పాటులో కుదరదు.

అసలు వసంతంలో ఫుట్‌బాల్ ఆడించాలన్న ఆలోచన డేవిడ్ డిక్సన్‌ది. న్యూ ఆర్లీన్స్‌లో కళాఖండాలు, పాతకాలపు వస్తువులు అమ్మే వ్యాపారి ఆయన. ఆ ఊరికి అమెరికాలోని ప్రధాన ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు సెయింట్స్ రావడంలోనూ, సూపర్‌డోమ్ స్టేడియం కట్టించడంలోనూ ఆయన చెయ్యి ఉంది. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే సెప్టెంబర్ నుంచి జనవరి దాకా. శనివారాలు కాలేజీ జట్లవి, ఆదివారాలు ఎన్‌ఎఫ్‌ఎల్‌వి. ఫిబ్రవరి తర్వాత ఆ ఆటకు మొహం వాచిన ప్రేక్షకులు ఉంటారు, ఖాళీ స్టేడియాలు ఉంటాయి, సరుకు కోసం వెతుక్కునే టీవీ చానళ్లు ఉంటాయి. ఈ మూడింటినీ కలిపితే వ్యాపారం అవుతుందని డిక్సన్ 1960ల నుంచీ చెబుతూనే ఉన్నారు. చివరికి 1982 మే 11న న్యూయార్క్‌లో లీగ్ ప్రకటన వెలువడింది. టీవీ సంస్థ ఏబీసీ ప్రసార హక్కులు కొనుక్కుంది. అప్పటికింకా పసిబిడ్డలాంటి కేబుల్ చానల్ ఈఎస్‌పీఎన్ కూడా చేరింది. ఈఎస్‌పీఎన్ అధ్యక్షుడిగా ఉన్న చెట్ సిమన్స్ లీగ్ కమిషనర్‌గా వచ్చారు.

డిక్సన్ పథకంలో అసలు ఇరుసు పిసినారితనం. పెద్ద నగరాలు, పెద్ద స్టేడియాలు, కొన్నేళ్లు నష్టం భరించగల యజమానులు, వీటికి తోడు ఆటగాళ్ల జీతాల మీద గట్టి కళ్లెం. ఒక్కో జట్టు జీతాల ఖర్చు సుమారు 18 లక్షల డాలర్లకు మించకూడదన్నది మొదటి ఏడాది అవగాహన. అందులోనే ఒకరిద్దరు పేరున్న ఆటగాళ్లను పెట్టుకుని, మిగతా జట్టును ఎన్‌ఎఫ్‌ఎల్ వదిలేసిన వాళ్లతో, దగ్గర్లోని కాలేజీల కుర్రాళ్లతో నింపుకోవాలి. పుట్టిన ఏడాదే ఎన్‌ఎఫ్‌ఎల్‌తో పోటీకి దిగొద్దు, అది ఆడని రోజుల్లో ఆడదాం అన్నది దాని సారాంశం.

మొదటి మ్యాచ్ పడకముందే ఆ కళ్లెం తెగింది. న్యూజెర్సీ జనరల్స్ జట్టు 1983 ఫిబ్రవరిలో జార్జియా విశ్వవిద్యాలయం రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) హెర్షెల్ వాకర్‌ను చదువు పూర్తికాకుండానే తీసుకొచ్చింది. ఏడాదికి పది లక్షల డాలర్లకు పైబడిన ఒప్పందం. అంటే జట్టు మొత్తానికి అనుకున్న జీతాల్లో సగానికి పైగా ఒక్క మనిషికే. వాకర్ ఆ సీజన్‌లో 1,812 గజాలు పరుగెత్తి లీగ్‌లోనే అందరికన్నా ముందు నిలిచాడు. జనరల్స్ జట్టు మాత్రం 18 మ్యాచ్‌ల్లో ఆరే గెలిచింది. ఈ లెక్క అప్పుడే అందరి కళ్లూ తెరిపించి ఉండాల్సింది. ట్రంప్ ఆ జట్టును కొన్నది ఆ తర్వాత, 1983 సీజన్ అయిపోయాక. కట్టు తెంపిన మొదటి మనిషి ఆయనేనన్న మాటను అందుకే కాస్త సర్దుకుని చెప్పుకోవాలి.

ఫిలడెల్ఫియాలో పని వేరే పద్ధతిలో సాగింది. యజమాని మైల్స్ టానెన్‌బామ్ షాపింగ్ మాల్స్ కట్టించే వ్యాపారి. జనరల్ మేనేజర్‌గా కార్ల్ పీటర్సన్‌ను పెట్టుకున్నారు. హెడ్ కోచ్‌గా ముందు ఒప్పుకున్న జార్జ్ పెర్లెస్ ఒక్క మ్యాచ్ అయినా ఆడించకముందే మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. సీజన్‌కు రెండు నెలలైనా లేదనగా పీటర్సన్ తెచ్చుకున్న మనిషి జిమ్ మోరా. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌లో డిఫెన్స్ చూసుకుంటున్న కోచ్. ఆయన కింద స్టార్స్ డిఫెన్స్ బాధ్యత విన్స్ టోబిన్‌ది. ఈ కొద్దిమందిని ఒకచోట చేర్చడమే ఆ జట్టుకు దొరికిన అసలు నిధి. ఎన్‌ఎఫ్‌ఎల్ వద్దనుకున్న వాళ్లలో ఎవరు పనికొస్తారో తేల్చే కన్ను వీళ్లకుంది.

ఆ కన్నుకు సాక్ష్యం శామ్ మిల్స్. లైన్‌బ్యాకర్. ఎదుటి జట్టు బంతిని ఎటు తీసుకుపోతుందో ముందే పసిగట్టి, అడ్డం పడి మనిషిని కూలదోయాల్సిన ఆటగాడు. ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. మన వీధుల్లో ఆ మనిషిని పొట్టివాడని ఎవరూ అనరు గానీ, ఎన్‌ఎఫ్‌ఎల్ లైన్‌బ్యాకర్‌కు అది బొత్తిగా చాలని ఎత్తు. పెద్దగా పేరులేని మాంట్‌క్లెయిర్ స్టేట్‌లో చదివాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ పిలిచి చూసి పంపించేసింది. కెనడా లీగ్‌లో టొరంటో ఆర్గోనాట్స్ కూడా అంతే. న్యూజెర్సీలో ఈస్ట్ ఆరెంజ్ హైస్కూల్లో పిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పుతూ, స్కూలు జట్టుకు కోచింగ్‌లో సాయం చేస్తూ ఉండగా స్టార్స్ అవకాశం వచ్చింది. బ్రౌన్స్ కోచ్ శామ్ రుటిగ్లియానో చెప్పిన మంచిమాట పీటర్సన్ చెవిన పడటం అందుకు దారి. మైదానంలోకి దిగాక మిల్స్ ఎత్తు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎదుటివాడు నిటారుగా వస్తే ఇతను మోకాళ్లు వంచి వాడి ఛాతీ కిందకు దూరేవాడు. అందరూ లోపమనుకున్న పొట్టితనమే ఆ తాకిడిలో అతని ఆయుధం. తాను కోచింగ్ ఇచ్చిన ఆటగాళ్లలో అందరికన్నా గొప్పవాడు మిల్సేనని మోరా తర్వాత చాలాసార్లు చెప్పారు.

మిల్స్ చుట్టూ అల్లుకున్న ఆ డిఫెన్స్‌కు 'డాగ్‌హౌస్ డిఫెన్స్' అని పేరు పడింది. 1983లో 18 మ్యాచ్‌ల్లో కలిపి అది ఇచ్చింది 204 పాయింట్లే. మ్యాచ్‌కు పదకొండు చిల్లర. అటాక్‌లో బరువంతా నార్త్ కరొలైనా నుంచి వచ్చిన రన్నింగ్ బ్యాక్ కెల్విన్ బ్రయంట్‌ది. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి ఎదుటివాళ్లది. ప్రతి ప్రయత్నానికీ నాలుగైదు గజాలు నమ్మకంగా తెచ్చే మనిషి ఉంటే మిగతా జట్టు నింపాదిగా ఊపిరి తీసుకుంటుంది. బ్రయంట్ ఆ ఏడాది 1,442 గజాలు పరుగెత్తి లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. బంతి విసిరేది చక్ ఫ్యూజినా. పెన్ స్టేట్‌లో చదివేటప్పుడు, 1978లో, కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీకి రెండో స్థానంలో నిలిచినవాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాత్రం టాంపా బెంచి మీద కూర్చునే సరిపోయింది. సెంటర్‌లో బార్ట్ ఓట్స్, లైన్‌లో అర్వ్ ఈట్‌మన్, బంతి తన్నడానికి షాన్ లండేటా. ఈ ముగ్గురూ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏళ్ల తరబడి ఆడారు. వాకర్ లాంటి పేరు ఈ జాబితాలో ఒక్కటీ లేదు. జట్టు మాత్రం 15 గెలిచి 3 ఓడింది.

ఆ తొలి సీజన్‌లో కొంచెం ఆగి చూడాల్సిన మ్యాచ్ ఒకటుంది. 1983 జూలై 9, వెటరన్స్ స్టేడియం, సెమీఫైనల్. ఎదురుగా చికాగో బ్లిట్జ్, వాళ్ల కోచ్ జార్జ్ అలెన్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తలపండిన మనిషి. స్టార్స్ ఆరోజు బంతిని పదేపదే జారవిడిచింది. నాలుగో క్వార్టర్ నడుస్తుండగా స్కోరు 38-17, చికాగో ఆధిక్యం. మిగిలింది పన్నెండు నిమిషాలు. మూడు టచ్‌డౌన్ల తేడా, అంటే బంతిని ఎదుటివాళ్ల చివర గీత మూడుసార్లు దాటించాలి. ఇంత తేడా వచ్చాక మామూలుగా జనం కార్ల తాళాలు వెతుక్కుంటారు. స్టార్స్ మూడు టచ్‌డౌన్లూ చేసి 38-38తో మ్యాచ్‌ను అదనపు సమయానికి తీసుకుపోయింది. చివర గీతకు ఒక్క గజం దూరం నుంచి బ్రయంట్ బంతితో దూకాడు. 44-38.

ఇంతటి మ్యాచ్ చూడటానికి వచ్చింది పదిహేను వేల చిల్లర జనం. స్టేడియంలో అరవై వేలకు పైగా సీట్లున్నాయి. గెలుపు వస్తే జనం దానంతటదే వస్తుందన్న నమ్మకం వసంతకాలపు ఫుట్‌బాల్‌లో ఎంత బలహీనమో ఆ ఖాళీ సీట్లు చూపించాయి. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో బేస్‌బాల్ జట్టు ఫిలీస్ ప్రపంచ సిరీస్ దాకా వెళ్లింది. బాస్కెట్‌బాల్ జట్టు సెవెంటీసిక్సర్స్ ఎన్‌బీఏ చాంపియన్ అయింది. వసంతం ఖాళీగా ఉంటుందన్న డిక్సన్ లెక్క ఫుట్‌బాల్ మటుకే నిజం. ఊరి మనసు అప్పటికే వేరే ఆటలతో నిండి ఉంది.

సీజన్ డెన్వర్‌లో మొదలై డెన్వర్‌లోనే ముగిసింది. మార్చి 6న అక్కడి మైల్ హై స్టేడియంలో డెన్వర్ గోల్డ్‌ను 13-7తో ఓడించి మొదలుపెట్టిన స్టార్స్, జూలై 17న అదే మైదానంలో యాభై వేల మంది ముందు మిషిగన్ పాంథర్స్‌తో ఫైనల్ ఆడింది. పాంథర్స్ యజమాని ఆల్ఫ్రెడ్ టాబ్‌మన్ కూడా షాపింగ్ మాల్స్ కట్టించే ఆసామే. ఇద్దరు మాల్ వ్యాపారుల ఫైనల్ అన్నమాట. మొదటి ఐదు మ్యాచ్‌ల్లో నాలుగు ఓడిన పాంథర్స్, మధ్యలో ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి అనుభవమున్న లైన్ ఆటగాళ్లను డబ్బు పోసి తెచ్చుకుని దారికొచ్చింది. ఆఖరి క్వార్టర్‌లో బాబీ హేబర్ట్ విసిరిన బంతిని ఆంటొనీ కార్టర్ అందుకుని 48 గజాల టచ్‌డౌన్ చేశాడు. 24-14. స్టార్స్ ఆఖరి క్షణాల్లో టచ్‌డౌన్ చేసి, దానిమీద రెండు పాయింట్ల ప్రయత్నం కూడా నెగ్గింది. 24-22. రెండు పాయింట్ల ఆ నిబంధన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి 1994లో గాని రాలేదు. స్టార్స్‌కు మాత్రం అది ఓటమి తేడాను తగ్గించుకోవడానికే పనికొచ్చింది.

పాంథర్స్ గెలుపు నుంచి తోటి యజమానులు నేర్చుకున్న పాఠం ఏమిటన్నది ఫైనల్ ఫలితం కన్నా ముఖ్యమైన విషయం. డబ్బు పోస్తే మధ్యలోనైనా జట్టును బాగుచేసుకోవచ్చని వాళ్లకు అర్థమైంది. స్టార్స్ పద్ధతి నిదానం, దానికి పీటర్సన్ లాంటి కన్ను కావాలి. చెక్కు రాయడానికి ఏ కన్నూ అక్కర్లేదు. 1984లో లాస్ ఏంజెలిస్ ఎక్స్‌ప్రెస్ జట్టు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్‌కు ఏళ్ల తరబడి చెల్లించే నాలుగు కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. 12 జట్ల లీగ్ ఒక్క ఏడాదిలో 18 జట్లయింది. కొత్తవాళ్లు కట్టే ప్రవేశ రుసుము పాతవాళ్ల నష్టాలకు పూతమందు అయింది. ఇంకో కుటుంబం చీటీ డబ్బుతో ఈ నెల వడ్డీ కట్టడం లాంటిదది. డిక్సన్ ఈ పోకడ నచ్చక తన వాటా అమ్ముకుని బయటికి వెళ్లిపోయారు.

1984 స్టార్స్ గురించి చెప్పడానికి కథ తక్కువ, గెలుపులు ఎక్కువ. 16 గెలుపులు, 2 ఓటములు. డిఫెన్స్ ఇచ్చినవి 225 పాయింట్లు. ఫ్యూజినా 31 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. ఊళ్లోని ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఈగల్స్ అంతకుముందు సీజన్‌లో 16 మ్యాచ్‌లకు ఐదు గెలిచింది. ఆ ఏడాది ఆరు. ఫిలడెల్ఫియాలో మంచి ఫుట్‌బాల్ చూడాలనుకున్నవాళ్లు ఏప్రిల్‌లో స్టేడియానికి వెళ్లాలి, అక్టోబర్‌లో కాదు. ఈసారి జనమూ పెరిగారు. సగటున ఇరవై ఎనిమిది వేల పైచిలుకు. అయినా ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు, వచ్చేసరికి వెటరన్స్ స్టేడియం దొరకలేదు. అది ఫిలీస్ బేస్‌బాల్ ఆడే వేళ. లీగ్‌లోనే మేటి జట్టు ఊళ్లోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మైదానం ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌కు వెళ్లి జనరల్స్‌ను 28-7తో ఓడించింది. అద్దెకున్నవాడి బతుకు ఏమిటో స్టార్స్‌కు అప్పుడే తెలిసొచ్చింది. ఆ తర్వాత బర్మింగ్‌హామ్ స్టాలియన్స్‌ను 20-10తో దాటి, జూలై 15న టాంపాలో అరిజోనా రాంగ్లర్స్‌ను 23-3తో ఓడించి కప్పు అందుకుంది.

ఆ అరిజోనా జట్టు ఎవరో చూస్తే లీగ్ తీరు అర్థమవుతుంది. 1983లో 38-17 ఆధిక్యం చేజార్చుకున్న చికాగో బ్లిట్జే అది. బ్లిట్జ్ యజమాని టెడ్ డీట్రిక్ అరిజోనాలో గుండె వైద్యుడు. సొంత ఊళ్లో జట్టు కావాలనుకున్నారు. చికాగోను అమ్మి అరిజోనాను కొని, రెండు జట్ల ఆటగాళ్లను దాదాపు గంపగుత్తగా మార్చేశారు. కోచ్ జార్జ్ అలెన్ సహా పాత చికాగో మొత్తం ఎడారికి వెళ్లింది. చికాగో అభిమానులకు మిగిలింది ముందు ఏడాది పద్దెనిమిదిలో నాలుగే గెలిచిన అరిజోనా వాళ్లు. ఒక ఊరి జనం రెండో ఏడాది తమ జట్టు కోసం స్టేడియానికి వెళితే, చొక్కా అదే, లోపల మనుషులు వేరు. ఇలాంటి లీగ్‌లో ఎవరైనా ఏ జట్టు మీద ప్రేమ పెంచుకోగలరు? బోస్టన్ బ్రేకర్స్ మూడేళ్లలో బోస్టన్, న్యూ ఆర్లీన్స్, పోర్ట్‌లాండ్ తిరిగింది. అభిమానం ఊరికి పట్టుకుంటుంది, ఆటగాళ్లకు పట్టుకుంటుంది. రెండింట్లో ఏదీ నిలవకపోతే టికెట్ ఎందుకు కొంటారు?

ఈ గందరగోళంలోనే 1984 ఆగస్టు 22న అసలు నిర్ణయం జరిగింది. 1986 నుంచి లీగ్‌ను శరదృతువుకు, అంటే నేరుగా ఎన్‌ఎఫ్‌ఎల్ ఎదుటికి, మార్చాలని యజమానులు ఓటేశారు. అంతకుముందు లీగ్ తనే డబ్బిచ్చి మెకిన్జీ సంస్థతో అధ్యయనం చేయించుకుంది. వసంతంలోనే ఉండండి, ఖర్చు తగ్గించుకోండి అని ఆ సంస్థ చెప్పింది. వసంతంలో ఆడితే 1986 నుంచి నాలుగేళ్లకు పదిహేడున్నర కోట్ల డాలర్లు ఇస్తామని ఏబీసీ ముందుకొచ్చింది. రెండింటినీ పక్కన పెట్టారు. మార్పుకు గట్టిగా నిలబడిన మనిషి ట్రంప్. ఆయన లెక్క సూటిగానే ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ మీద గుత్తాధిపత్యం కేసు వేయాలి. గెలిస్తే పరిహారం వస్తుంది, లేదా రాజీలో కొన్ని జట్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కలిసిపోతాయి. ఆ కొన్ని జట్లలో తమదీ ఉంటుందని ప్రతి యజమానీ లోలోపల అనుకున్నట్టుంది. జూదంలో అందరూ గెలవలేరని తెలిసీ కూర్చునేది అలాంటి నమ్మకంతోనే.

ఆ ఓటుతో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టున్న ప్రతి ఊరూ ప్రమాదకరమైపోయింది. ఫిలడెల్ఫియాలో ఈగల్స్ ఉంది, వెటరన్స్ స్టేడియం శరత్తులో దానిదే. చాంపియన్ అయిన స్టార్స్‌కు 1986లో ఆడటానికి చోటు ఉండదు. అటు బాల్టిమోర్‌లో పరిస్థితి తలకిందులు. 1984 మార్చి చివర్లో ఒక రాత్రి కోల్ట్స్ జట్టు సామానంతా మేఫ్లవర్ ట్రక్కుల్లో వేసుకుని ఇండియానాపొలిస్‌కు వెళ్లిపోయింది. ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే ఊరు, జట్టు లేని స్టేడియం. కాగితం మీద చూస్తే టానెన్‌బామ్ నిర్ణయం తప్పేమీ కాదు. చిక్కు ఒక్కటే. బాల్టిమోర్ మెమోరియల్ స్టేడియం వసంతంలో బేస్‌బాల్ జట్టు ఓరియోల్స్‌ది. 1986 శరత్తు దాకా ఎక్కడో తలదాచుకోవాలి. అందుకే కాలేజ్ పార్క్, అందుకే బస్సు. స్టార్స్ తట్టాబుట్టా సర్దుకున్న ఆ చలికాలంలోనే ఈగల్స్ కూడా అప్పుల బాధతో ఫీనిక్స్‌కు వెళ్లిపోబోయి, ఆఖరి నిమిషంలో ఆగింది. అది వెళ్లిపోయి ఉంటే ఫిలడెల్ఫియా అనే మహానగరంలో స్టార్స్ ఒక్కటే మిగిలేది. ఈ ఆటలో జాతకాలు అంత సన్నని దారం మీద నడిచాయి.

1985లో లీగ్‌కు 14 జట్లే మిగిలాయి. కాలేజ్ పార్క్‌లో స్టార్స్ మ్యాచ్‌లకు వచ్చినవాళ్లు సగటున పద్నాలుగు వేలు. అంతకుముందు ఏడాదిలో సగం. బాల్టిమోర్ వాళ్లకు అది తమ ఊరి జట్టని అనిపించలేదు. ఫిలడెల్ఫియా వాళ్లకు అది వదిలేసిపోయిన జట్టు. ఆ అలసట ఆటలోనూ కనిపించింది. రెండేళ్లలో ఐదే ఓడిన జట్టు ఈ ఒక్క ఏడాదిలో ఏడు ఓడింది. 10 గెలుపులు, 7 ఓటములు, ఒక టై. ప్లేఆఫ్స్‌కు ఎలాగో చేరింది.

అక్కడ మాత్రం పాత స్టార్స్ లేచొచ్చింది. వాకర్ ఆ ఏడాది 2,411 గజాలు పరుగెత్తాడు. ఆ వాకర్ ఉన్న జనరల్స్‌ను వాళ్ల మైదానంలోనే 20-17తో ఇంటికి పంపింది. బర్మింగ్‌హామ్‌కు వెళ్లి స్టాలియన్స్‌ను 28-14తో ఓడించింది. ఫైనల్ జూలై 14న జెయింట్స్ స్టేడియంలో, ప్రత్యర్థి ఓక్లాండ్ ఇన్వేడర్స్. ఆ చొక్కాల్లో ఉన్నదీ పాత శత్రువులే. శరత్తుకు మారే ఆలోచన నచ్చని టాబ్‌మన్ తన మిషిగన్ జట్టును ఓక్లాండ్‌లో కలిపేశారు. 1983లో స్టార్స్‌ను ముంచిన హేబర్ట్, కార్టర్ ఇద్దరూ మళ్లీ ఎదురుగా నిలబడ్డారు. బ్రయంట్ మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఆఖర్లో ఓక్లాండ్ గీత దగ్గరి దాకా వచ్చి, ఒక ఆటగాడి దుడుకుతనానికి పడిన శిక్షతో పదిహేను గజాలు వెనక్కి పోయి, మళ్లీ కోలుకోలేదు. 28-24. మూడేళ్ల ఫైనల్స్‌ను వరసగా పెట్టి చూస్తే స్టార్స్ మొత్తం ఆడింది రెండే ప్రత్యర్థి జట్లతో. ఊళ్ల పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి, చివరికి తన ఊరి పేరుతో సహా.

ఆ ఫైనలే లీగ్ ఆఖరి మ్యాచ్ అని ఆరోజు ఎవరూ అనుకోలేదు. 1986 జూలై 29న న్యూయార్క్‌లో ఆరుగురు జ్యూరీ సభ్యులు తీర్పు చెప్పారు. ఎన్‌ఎఫ్‌ఎల్ గుత్తాధిపత్యం నిజమే, పరిహారం ఒక్క డాలరు. ఆ చట్టం ప్రకారం అది మూడింతలై మూడు డాలర్లు. అప్పీళ్లన్నీ ముగిసేసరికి వడ్డీతో కలిపి వచ్చింది 3 డాలర్ల 76 సెంట్లు. లీగ్ అడిగింది 169 కోట్ల డాలర్లు. శరత్తులో ఆడటానికి బాల్టిమోర్‌లో ఎదురుచూస్తున్న స్టార్స్‌కు ఆ శరత్తు రానేలేదు. మూడేళ్లకు కలిపి ప్లేఆఫ్స్‌తో సహా 48 గెలుపులు, 13 ఓటములు, ఒక టై. లెక్క అక్కడితో ఆగింది.

మనుషులు మాత్రం ఆగలేదు. మోరాను న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ పిలిచింది. ఆయన వెంట మిల్స్ వెళ్లాడు. హేబర్ట్ అప్పటికే అక్కడున్నాడు. 1967లో పుట్టిన సెయింట్స్ ఓటములకన్నా ఎక్కువ గెలుపులు చూసిన మొదటి సీజన్ 1987. 12 గెలిచి 3 ఓడింది. వసంతకాలపు లీగ్‌ను కలగన్న డిక్సన్ సొంత ఊరికి ఆ లీగ్ నుంచి దక్కిన ఫలం ఇది, అదీ శరత్తులో. మోరా రికార్డులో మాత్రం ఒక వింత మిగిలింది. స్టార్స్‌తో ప్లేఆఫ్స్‌లో 7 గెలిచి ఒక్కటే ఓడిన కోచ్, ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో ఆరు ఆడి ఆరూ ఓడారు. ఓట్స్, లండేటా న్యూయార్క్ జెయింట్స్‌లో చేరి రెండో సీజన్‌లోనే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచారు. బ్రయంట్‌కు వాషింగ్టన్‌తో ఆ భాగ్యం దక్కింది. పీటర్సన్ 1989 నుంచి కాన్సస్ సిటీ చీఫ్స్‌ను నడిపారు. మిల్స్ 1995లో కొత్తగా పుట్టిన కరొలైనా పాంథర్స్‌కు వెళ్లాడు. అక్కడి కోచ్ డామ్ కేపర్స్ కూడా స్టార్స్ కోచింగ్ బృందం నుంచి వచ్చినవాడే. మిల్స్ 2005లో క్యాన్సర్‌తో చనిపోయాడు. 2022లో ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

అదే 2022 వసంతంలో యూఎస్‌ఎఫ్‌ఎల్ పేరుతో ఇంకో లీగ్ మొదలైంది. పాత పేర్లు, పాత రంగులు తిరిగొచ్చాయి. ఖర్చు తగ్గించుకోవడానికి జట్లన్నీ మామూలు సీజన్ మొత్తం బర్మింగ్‌హామ్ ఒక్క ఊళ్లోనే ఆడాయి. ఫిలడెల్ఫియా స్టార్స్ ఆ ఏడాది ఫైనల్ చేరి, బర్మింగ్‌హామ్ స్టాలియన్స్ చేతిలో 33-30తో ఓడింది. 2023లో స్టార్స్‌కు 'సొంత' మైదానంగా డెట్రాయిట్‌లోని ఫోర్డ్ ఫీల్డ్ ఇచ్చారు. దాన్ని పంచుకున్న రెండో జట్టు మిషిగన్ పాంథర్స్. ఆ సీజన్ తర్వాత లీగ్ మరో లీగ్‌తో కలిసినప్పుడు స్టార్స్‌ను వదిలేశారు. ఆ రెండేళ్లలో ఫిలడెల్ఫియా స్టార్స్ ఫిలడెల్ఫియాలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.